సగర్‌మాథా: ఒక దీర్ఘం, ఒక ఒత్తు

నిరుడు మా సాయంకాలపు డిప్లొమా తరగతి పరీక్షలో 'ఒక పర్వత శిఖరాన్ని గురించి పది వాక్యాలు రాయండి' అని ఒక ప్రశ్న ఇచ్చాము. కామాఠీపురా నుంచి వచ్చే ఒక విద్యార్థిని ఎవరెస్టును ఎంచుకుని, 'దీన్ని నేపాల్‌లో సగర్‌మాథా అంటారు, అంటే ఆకాశానికి నెత్తి' అని రాసింది. మేము ఎర్రసిరాతో ఆ పేరు కొట్టివేసి పైన 'సాగరమాత' అని దిద్దాము. 'నెత్తి' కింద గీత గీసి పక్కన 'శిరస్సు' అని రాశాము. రెండింటికీ కలిపి ఒక మార్కు తగ్గించాము.

కాగితాలు తిరిగి ఇచ్చిన రోజున ఆ అమ్మాయి మా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, మాథా అంటే నెత్తే గద. మా బాపు మాథాడీ పనిజేస్తడు" అంది. అంతకు మించి వాదించలేదు. ముంబాయి రేవులలో, మార్కెట్లలో నెత్తిన బరువులు మోసే కార్మికులను మరాఠీలో మాథాడీలంటారన్న సంగతి ఈ నగరంలో ఇంతకాలంగా ఉంటున్న మాకు తెలియనిది కాదు. వారి కోసం మహారాష్ట్ర ప్రభుత్వం 1969లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. తెలిసిన మాటే అయినా తెలుగు పరీక్ష దిద్దుతున్నప్పుడు మాకు గుర్తుకు రాలేదు. మరునాడు నేపాలీ నిఘంటువు తీసి చూశాము. ఆమె రాసిందే సరి.

నేపాలీలో 'సగర్' అంటే ఆకాశం, 'మాథా' అంటే తల లేక నుదురు. సంస్కృతంలోని 'మస్తక' శబ్దం ప్రాకృతాల మీదుగా హిందీ, మరాఠీ, నేపాలీ భాషలలో 'మాథా'గా మారింది. కొంకణం నుంచి చూస్తే సహ్యాద్రి అంచు ఎక్కడ ఆకాశాన్ని తాకినట్టు కనిపిస్తుందో ఆ అంచును మరాఠీవారు 'ఘాట్‌మాథా' అంటారు. నేపాలీ సగర్‌మాథా కూడా ఆ పద్ధతిలో ఏర్పడిన మాటే. తెలుగు పత్రికలలో తరచు కనిపించే 'సాగరమాత' అనే రూపంలో మొదటి అచ్చుకు లేని దీర్ఘం వచ్చి చేరింది, 'థ'కు ఉన్న ఒత్తు పోయింది. దాంతో ఆకాశం సముద్రమైంది, తల తల్లి అయింది. హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగిన విద్యార్థికి ఈ తేడా పట్టుకోవడం కష్టం. మరాఠీ బడిలో చదివి ఇంట్లో తెలంగాణ తెలుగు మాట్లాడే పిల్లకు సులువుగా పట్టుబడింది.

ఇక్కడ ఒక చిన్న వింత చెప్పుకోవాలి. వ్యుత్పత్తి ప్రకారం సాగరానికీ ఈ శిఖరానికీ సంబంధం లేదు గాని భూగర్భశాస్త్రం ప్రకారం ఉంది. ఎవరెస్టు కొన మీది రాయి సున్నపురాయి. సుమారు 45 కోట్ల ఏళ్ళ కిందట సముద్రపు అడుగున పేరుకున్న పొర అది. అందులో నాటి సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. భారత ఉపఖండపు ఫలకం ఉత్తరానికి జరిగి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియా ఫలకాన్ని ఒత్తడం మొదలుపెట్టాక ఆ అడుగు పొరలు మడతలు పడి పైకి లేచాయి. మన పత్రికలవారు తప్పు రాసి కూడా ఒక నిజం దగ్గరికి వెళ్ళారన్నమాట! మాకు మాత్రం ఆ సాకు చెల్లదు, మేము దిద్దినది భూగర్భశాస్త్రం కాగితం కాదు కదా.

ఈ శిఖరానికి ఉన్న మూడు పేర్లలో మనకు బాగా అలవాటైనది అన్నిటికంటె పరాయిది. టిబెట్టువారు దీన్ని చోమోలుంగ్మా అంటారు. 'చోమో' అంటే దేవత, పూజ్యురాలు. ఫ్రెంచి భూచిత్రకారుడు దాన్విల్ 1733లో ప్రచురించిన పటంలోనే ఈ పేరు కనిపిస్తుంది. సగర్‌మాథా అన్న పేరును 1930ల చివర నేపాలీ చరిత్రకారుడు బాబూరామ్ ఆచార్య వెలుగులోకి తెచ్చాడు. ఎవరెస్టు అనేది ఒక ఇంగ్లీషు అధికారి ఇంటిపేరు. ఆ అధికారి కథ మన తెలుగు నేల మీదుగా నడిచింది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెబుతాము.

1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ఒక ఆధారరేఖను గొలుసులతో కొలిచి మహాత్రికోణమితి సర్వే ప్రారంభించాడు. ఒక రేఖ పొడవు, దాని రెండు చివరల నుంచి ఒక దూరపు గుర్తుకు ఉన్న కోణాలు తెలిస్తే త్రికోణంలోని మిగతా భుజాలను లెక్కకట్టవచ్చు. ఆ భుజాల మీద మళ్ళీ త్రికోణాలు నిర్మించుకుంటూ దేశమంతా పోవచ్చు. ఆ త్రికోణాల వరుస దక్కను మీదుగా నిజాం రాజ్యంలోకి వచ్చింది. జార్జి ఎవరెస్ట్ 1818 చివర హైదరాబాదు వచ్చి లాంబ్టన్ కింద పనిలో చేరాడు. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతకు వెళ్ళి 1819లో తన బృందంతో సహా తీవ్రమైన విషజ్వరం పాలయ్యాడు. ఆరోగ్యం కుదుటపడక 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్ళవలసివచ్చింది. లాంబ్టన్ 1823లో వార్ధా దగ్గరి హింగన్‌ఘాట్‌లో మరణించాక ఆ పని ఎవరెస్ట్ చేతికి వచ్చింది.

ఎవరెస్ట్ 1843లో పదవీవిరమణ చేసి వెళ్ళిపోయాడు. 1849-50లలో బీహారు మైదానాల నుంచి తీసిన కోణాలను ఆధారం చేసుకుని, అప్పటికి 'పదిహేనో శిఖరం' అని మాత్రమే పిలుస్తున్న కొండ లోకంలోకెల్లా ఎత్తయినదని 1852లో లెక్క తేల్చినవాడు సర్వే కార్యాలయంలోని బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్‌దార్. ఆనాటి లెక్క 29,002 అడుగులు. 1856లో ఆ లెక్కను ప్రకటించిన ఆండ్రూ వా, తన పూర్వాధికారి పేరు పెట్టమని ప్రతిపాదించాడు. ఎవరెస్ట్ స్వయంగా 1857లో అభ్యంతరం చెప్పాడు. తన పేరు పారసీలోగాని హిందీలోగాని రాయడానికి వీలుపడదనీ, ఈ దేశస్థులు పలకలేరనీ ఆయన వాదన. అయినా 1865లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. ఆయన కుటుంబం తమ పేరును 'ఈవ్‌రెస్ట్' అని పలికేదట. లోకమంతా ఎవరెస్ట్ అంటున్నది. తెలుగువారం చివర ఒక ఉకారం తగిలించి ఎవరెస్టు చేసుకున్నాము. పలకలేరని ఆయన అన్నది చివరకు ఇంగ్లీషువారి విషయంలోనే నిజమైంది!

ఎత్తు విషయానికి వద్దాం. మన విద్యార్థులలో చాలామంది కళ్సూబాయి ఎక్కినవారే. అది 1,646 మీటర్లు, మహారాష్ట్రలో అన్నిటికంటె ఎత్తయినది. అలాంటివి ఐదింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఎవరెస్టుకు అందవు. అయితే ఎవరెస్టు ఎత్తును ఎక్కడిదాకా కొలవాలి? కొన మీద మంచు పేరుకుని ఉంది. 2005లో చైనా కొలిచి 8,844.43 మీటర్లు అని ప్రకటించింది. అది మంచు కింది రాతి ఎత్తు. రాతి మీద సుమారు మూడున్నర మీటర్ల మందాన మంచు ఉన్నట్టు అప్పుడే తేల్చారు. నేపాల్ మాత్రం మంచును కలుపుకొని 8,848 మీటర్లనే లెక్కనే పట్టుకుంది. ఒకే కొండకు రెండు రాజ్యాలలో రెండు ఎత్తులు చాలాకాలం చెలామణి అయ్యాయి. చివరకు 2020 డిసెంబరు 8న రెండు దేశాలూ కలిసి మంచుతో సహా 8,848.86 మీటర్లు అని ప్రకటించాయి. ఈ తగాదాలో ఉన్న అసలు ప్రశ్న మాటకు సంబంధించినదని మా అభిప్రాయం: నెత్తి మీది తలపాగా మనిషి ఎత్తులో చేరుతుందా, చేరదా?

ఇక మంచు. తరగతిలో ఒక కుర్రవాడు అడిగాడు: "సార్, పొద్దున లోకల్ బండికి అడ్డమొచ్చే ధుకే మంచే, గడ్డి మీది దవ్ మంచే, ఎవరెస్టు మీది బర్ఫ్ గూడ మంచేనా?" మరాఠీలో మూడు విడివిడి మాటలున్న చోట తెలుగులో ఒక్క మాట ఉండటం అతనికి లోపంగా తోచింది. మాటల చరిత్ర చూస్తే ఇది లోపమనుకోనక్కరలేదు. మన మంచుకు కన్నడంలో మంజు, మలయాళంలో మఞ్ఞు, తమిళంలో మంజు తోబుట్టువులు. తమిళంలో దానికి మబ్బు అనే అర్థం కూడా ఉంది. గాలిలోని తడి చల్లబడి కంటికి కనిపించేటంత రూపం దాల్చితే దక్షిణాదివారికి అది మంచు. నేల మీద గడ్డకట్టి నెలల తరబడి నిలిచే పదార్థం మన ఊళ్ళలో ఎవరూ చూడలేదు కాబట్టి దానికి వేరే మాట అవసరపడలేదు. అవసరపడ్డప్పుడు పొగమంచు, మంచుగడ్డ అని జంటమాటలు కట్టుకున్నాము. ఆకాశం నుంచి పడే గడ్డలకు మాత్రం వడగళ్ళు అని పాతమాటే ఉంది, ఎందుకంటే అవి మన చేలమీద పడ్డాయి.

కామాఠీపురా, వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళలో గడ్డకట్టిన నీటికి 'బరఫ్' అంటారు. ఇది పారసీ నుంచి ఉర్దూ ద్వారా తెలంగాణకు, హిందీ మరాఠీల ద్వారా ముంబాయికి వచ్చిన మాట. కొందరు ఉపాధ్యాయులు దీన్ని కొట్టివేస్తారు. మేమూ కొట్టివేసేవాళ్ళమే. కాని మంచుకు, బరఫ్‌కు మధ్య ఆ ఇళ్ళలో చక్కని విభజన ఏర్పడి ఉంది: పడేది మంచు, గట్టిపడ్డది బరఫ్. మన ప్రామాణిక భాషలో లేని తేడా వారి భాషలో ఉంది. పర్వతాల గురించి చెప్పడానికి సరిగ్గా ఆ తేడాయే కావాలి.

ఎందుకో చూద్దాం. ఎత్తయిన కొండల మీద ఏడాదిలో కురిసే మంచు ఆ ఏడాదిలో కరిగిపోదు. అప్పుడే కురిసిన మంచు దూదిలా ఉంటుంది. దాని బరువు అంతే పరిమాణం గల నీటి బరువులో సుమారు పదోవంతు, తక్కినదంతా గాలి. దాని మీద మరుసటి ఏటి మంచు, ఆ పైన మరో ఏటి మంచు పడి అదుముతూ ఉంటే రేకులు విరిగి గింజలవుతాయి. గింజల మధ్య గాలి బయటికి పోతుంది, పోలేనిది బుడగలుగా చిక్కుకుంటుంది. చివరకు నీటి బరువులో పదింట తొమ్మిది వంతులకు వచ్చేసరికి అది గట్టి గడ్డ. గిర్గావ్ చౌపాటీ దగ్గర గోలా బండివాడు చేసేది ఇదే పని. కోరిన బరఫ్ పొడిని పుల్ల చుట్టూ పెట్టి అరచేతులతో గట్టిగా అదుముతాడు. పొడి ముద్దవుతుంది. కొండ మీద అరచేయి పని పై పొరల బరువు చేస్తుంది, అందుకు పదుల ఏళ్ళు పడుతుంది.

అలా తయారైన గడ్డ చాలినంత మందమెక్కితే ఒకచోట నిలవదు. తన బరువుకు తానే వంగి, సాగి, పల్లానికి కదులుతుంది. ఆ కదిలే గడ్డనే మన భూగోళ పాఠ్యపుస్తకాలు హిమానీనదం అంటాయి. విద్యార్థులు ఈ మాట చూసి బెదురుతారు గాని ఇది మంచి మాట. 'హిమానీ' అంటే వట్టి మంచు కాదు, మంచురాశి. అరణ్యం నుంచి 'అరణ్యానీ' అంటే మహారణ్యం వచ్చినట్టే హిమం నుంచి పెద్దది అనే అర్థంలో హిమానీ వస్తుందని సంస్కృత వ్యాకర్తలు ప్రత్యేకంగా చెప్పారు. అమరకోశంలోనూ ఈ మాట ఉంది. దానికి నదం చేర్చడంతో కదలిక కూడా వచ్చింది. మంచులో మునిగిన నది, గడ్డకట్టిన నది అనే అర్థాలు చెప్పుకోవడం మాత్రం పొరపాటు. నది గడ్డకడితే హిమానీనదం కాదు, గడ్డే నదిలా నడిస్తే అవుతుంది. ఎవరెస్టుకు ఉత్తరాన రోంగ్‌బుక్, నైరుతి దిశగా ఖుంబూ, తూర్పున కాంగ్‌షుంగ్ హిమానీనదాలున్నాయి. ఖుంబూలో నిట్రమైన వాలు మీదుగా గడ్డ విరుచుకుపడే చోట అది రోజుకు సుమారు ఒక మీటరు దాకా జరుగుతుందంటారు. అక్కడ నిన్న వేసిన నిచ్చెన రేపటికి ఉన్న చోటే ఉండదు.

సరిహద్దు సంగతి ఇప్పుడు చెప్పాలి. మన భాషలో ఎల్లకూ ఎత్తుకూ పాత స్నేహం ఉంది. 'గట్టు' అంటే పొలాల మధ్య హద్దుగా వేసే మిట్ట. అదే మాటకు కొండ అనే అర్థం కూడా ఉంది. తెలంగాణలో హద్దును 'గెట్టు' అంటారు, గెట్టు పంచాయితీలు ఎరగని ఊరు లేదు. ఇక సరిహద్దు అనే మాటను మనం 'సరి అయిన హద్దు' అని విడగొట్టుకుంటాము గాని అది పారసీ 'సర్‌హద్'. సర్ అంటే తల, హద్ అంటే మేర. మాథా లాగానే ఇందులోనూ ఒక తల దాగి ఉంది. రాజ్యాలు కూడా రైతుల్లాగే గట్టు మీద హద్దు గీయడానికి ఇష్టపడతాయి, కారణమూ అదే. మిట్టకు ఈవలి నీరు ఈవలికి, ఆవలి నీరు ఆవలికి పోతుంది గనుక ఎవరిది ఏదో చెప్పడం తేలిక.

1960లో నేపాల్, చైనాలు హద్దు నిర్ణయించుకోవడానికి కూర్చున్నప్పుడు ఈ శిఖరం ఎవరిదన్నది పెద్ద చిక్కు అయింది. 1961 అక్టోబరు 5న రెండు దేశాల మధ్య సరిహద్దు ఒప్పందం కుదిరింది. ఆ గీత సరిగ్గా శిఖరాగ్రం మీదుగా పోతుంది. కొన మీద నిలబడినవారి ఎడమకాలు ఒక దేశంలో, కుడికాలు మరో దేశంలో ఉండవచ్చునన్నమాట.

నీళ్ళు మాత్రం ఈ ఒప్పందానికి కట్టుబడలేదు. ఖుంబూ నుంచి కరిగిన నీరు దూధ్‌కోశిలో చేరి, సున్‌కోశిలో కలుస్తుంది. ఉత్తరాన రోంగ్‌బుక్ నీరు టిబెట్టులోకి ప్రవహిస్తుంది కదా, అది చైనా నీరే కదా అనుకుంటాము. కాని ఆ నీరు ఫుంగ్‌చూ నదిలో చేరుతుంది. ఆ నది తూర్పుకు తిరిగి, హిమాలయాన్ని అడ్డంగా కోసుకుని, అరుణ్ అనే పేరుతో నేపాల్‌లోకి దిగుతుంది. త్రివేణి దగ్గర అరుణ్, సున్‌కోశి, తమోర్ నదులు కలిసి సప్తకోశి అవుతాయి. బీహారులో అది కోసీ, ఆ తరువాత గంగ. శిఖరానికి రెండు పక్కల విడిపోయిన నీళ్ళు నేపాల్ దాటకముందే ఒకటవుతాయి. హిమాలయం లేవకముందు నుంచీ అరుణ్ అక్కడ పారుతున్నదనీ, కొండ లేస్తున్నకొద్దీ అది కోసుకుంటూ పోయిందనీ చాలామంది భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయం. నీరు పల్లమెరుగు అన్న సామెత మనవాళ్ళు ఊరికే కట్టలేదు.

మనుషులకు మాత్రం ఆ గీత తప్పదు. 2014లో నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి ఏకశిల మీద ఎక్కడం నేర్చుకుని, డార్జిలింగు, లదాఖ్‌లలో శిక్షణ పొందినవారు. పూర్ణకు అప్పటికి 13 సంవత్సరాల 11 నెలలు. నేపాల్ నిబంధన ప్రకారం 16 ఏళ్ళు నిండనివారికి అనుమతి లేదు. అందువల్ల వారి బృందం టిబెట్టు వైపు నుంచి, ఉత్తరపు దారిన ఎక్కింది. ఒకే కొనకు పోయే రెండు దారులు, రెండు చట్టాలు. 2014 మే 25న వారు శిఖరం చేరారు. అప్పటికి వారిది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ఎనిమిది రోజుల తరువాత, జూన్ 2న, తెలంగాణ ఏర్పడింది. రెండు దేశాల గెట్టు మీద నిలబడి దిగివచ్చేసరికి ఇంటి దగ్గర కొత్త గెట్టు పడింది.

అదే ఏడు ఏప్రిల్ 18న దక్షిణాన, ఖుంబూ మార్గంలో, ఎవరెస్టు పడమటి భుజం మీది మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాలీ కొండకూలీలు, మార్గదర్శకులు మరణించారు. తోటివారు పని మానివేయడంతో ఆ వైపు ఆరోహణలు ఆ ఋతువుకు దాదాపు నిలిచిపోయాయి. గీతకు ఉత్తరాన ఎక్కడం సాగింది. ఆ వార్తలను తెలుగులో చదివినప్పుడు మాకు ఒక ఇబ్బంది ఎదురైంది. మన పత్రికలు మంచు కురవడాన్నీ హిమపాతమే అంటాయి, ఇలా వేల టన్నుల గడ్డ కూలడాన్నీ హిమపాతమే అంటాయి. 'హిమపాతంలో 16 మంది మృతి' అని చదివినవారికి చలికి చనిపోయారని అనిపిస్తుంది. కొండచరియలు అనే చక్కని మాట మనకు ఉండగా 'మంచుచరియలు విరిగిపడ్డాయి' అనడానికి సంకోచం దేనికి? ఇప్పుడిప్పుడే కొందరు అలా రాస్తున్నారు, సంతోషం. నెత్తిన, వీపున ఇతరుల సామాను మోస్తూ చనిపోయినవారి చావుకు కారణం ఏమిటో భాషలో స్పష్టంగా ఉండాలి. మాథాడీ ఇళ్ళ పిల్లలు చదివే తరగతిలో ఈ మాట చెప్పకుండా మేము ముందుకు పోలేకపోయాము.

పాకాల పేరు వినగానే మా తరగతిలో ముగ్గురు నలుగురు తలలు ఎత్తారు. నిజామాబాదు, కరీంనగర్, పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలే ముంబాయి తెలుగు చాళ్ళలో ఎక్కువ. నిజామాబాదు మీదుగా నడిచే దేవగిరి ఎక్స్‌ప్రెస్ వారికి ఇంటి బండి. కామాఠీపురా అన్న పేరే కామాఠీల నుంచి వచ్చింది. తెలంగాణ నుంచి వచ్చి మట్టిపని, కట్టడం పని చేసిన కూలీలను ఆ మాటతో పిలిచేవారు. 18వ శతాబ్దం చివర వర్లీ వైపు సముద్రం చొరబడే గండికి కట్ట వేసిన తరువాత నడిమి పల్లపు నేలలు ఆరి, పూడ్చి, వాడలయ్యాయి. అలాంటి పల్లపు నేల మీదే కామాఠీలు స్థిరపడ్డారు. తరువాతి కాలంలో ఆ వీధులకు ఏ పేరు వచ్చిందో అందరికీ తెలుసు. కామాఠీపురా అడ్రసు చెప్పడానికి మా విద్యార్థులు కొందరు ఇప్పటికీ తటపటాయిస్తారు, 'ముంబాయి సెంట్రల్ దగ్గర' అని సరిపెడతారు. సముద్రంలోంచి గంపలతో నేలను ఎత్తినవారి పేరు ఆ ఊరికి ఉన్నదని వారికి ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు.

గట్టు మీది మరో శిఖరాన్ని గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాము. నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీజనసంగం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజులలో ఎక్కాడు. వాటిలో ఎవరెస్టు మే 21న. 2015 మార్చి 24న ఆయన అర్జెంటీనా, చిలీల సరిహద్దు మీద ఉన్న త్రెస్ క్రూసెస్ దక్షిణ శిఖరం వైపు ఒంటరిగా బయలుదేరాడు. దాని ఎత్తు సుమారు 6,750 మీటర్లు. ఆ పేరుకు స్పానిష్‌లో 'మూడు శిలువలు' అని అర్థం. వాతావరణం చెడింది, ఆయన తిరిగి రాలేదు. రెండు దేశాల వైపు నుంచీ వెదకవలసివచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన భౌతికకాయం కనిపించింది, నెలాఖరుకు స్వగ్రామం చేరింది. ఆ రెండు దేశాలూ 1881 ఒప్పందంలో, నీళ్ళను విడదీసే ఎత్తయిన శిఖరాల వెంబడి హద్దు ఉండాలని రాసుకున్నాయి. ఎత్తయిన శిఖరాలు ఒకచోట, నీళ్ళు విడిపోయే మిట్ట మరొకచోట ఉన్న ప్రాంతాలలో ఇరవై ఏళ్ళ పాటు తగవు నడిచి, 1902లో బ్రిటిష్ రాజు తీర్పుతో సర్దుబాటయింది. ఎత్తుకూ నీటికీ పొత్తు కుదరని కథ అక్కడా ఉంది.

మళ్ళీ పరీక్ష కాగితం దగ్గరికి. అప్పటికే మార్కుల పట్టిక పంపేశాము, తిరిగి మార్చడానికి నియమాలు ఒప్పుకోలేదు. కాగితం మీద మా దిద్దుబాటును మేమే కొట్టివేసి, కింద సంతకం చేసి ఆ అమ్మాయికి ఇచ్చాము. ఆమె దాన్ని చూసి, "నెత్తి గూడ ఉంచుతరా సార్?" అని అడిగింది. ఉంచుతామన్నాము. నెత్తి తెలుగు మాటే, తద్భవం కూడా కాదు. దానికి బదులు మేము రాసిన శిరస్సే అరువు మాట.

ఈ సంచిక చదివే విద్యార్థులకు ఒక మనవి. కొండ కొన, పొలం హద్దు, గడ్డకట్టిన నీరు, వీటికి మీ ఇళ్ళలో పెద్దలు వాడే మాటలను, వారు ఏ జిల్లా నుంచి వచ్చారో, ఏ చాల్‌లో ఉంటున్నారో తెలుపుతూ మా పీఠానికి రాసి పంపండి. మరాఠీ మాట అయినా, ఉర్దూ మాట అయినా, విన్నది విన్నట్టుగానే రాయండి. దీర్ఘాలు, ఒత్తులు జాగ్రత్తగా చూసుకోండి. మేమూ చూసుకుంటాము.